నకిలీ రెక్కలే మేలు

నకిలీ సరుకును తిట్టేవాడంత కృతఘ్నుడు లోకంలో మరొకడు లేడు!

కోప్పడకండి. కాస్త ఆలోచించండి. పాలవాడు నీళ్లు కలపకపోతే చిక్కటి పాలంటే ఏమిటో మీకు తెలిసేదా? కాఫీపొడిలో చింతగింజలు పడకపోతే 'అసలు కాఫీ' అన్న మాట పుట్టేదా? నకిలీ లేనిదే అసలుకు గౌరవం లేదు. అంతకంటే ముఖ్యం, నకిలీ లేనిదే నిపుణుడికి పని లేదు. పని లేకపోతే ఆదివారం పొద్దున్న ఆ నిపుణుడు ఇంట్లోనే ఉంటాడు. అప్పుడు ఆయన భార్య గతి ఏమిటి?

నమ్మకం కుదరడం లేదా? అయితే మల్లేశ్వరరావు సంగతి వినండి.

మల్లేశ్వరరావుది తెనాలి. యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్ల కట్టలతో పాటు ఆయన్నీ తరలించారు. ఫైళ్లలో కొన్ని దారిలో గల్లంతయ్యాయి గానీ ఆయన మాత్రం చెక్కుచెదరకుండా దిగాడు. లక్డీకాపూల్ దగ్గర ఒక ఆఫీసులో పింఛన్ల సెక్షను. ఎదురుగా నిలబడి దగ్గుతున్న ముసలాయన్ని, "మీరు బతికే ఉన్నట్టు సర్టిఫికెట్టేదండీ?" అని అడగడం ఉద్యోగం. అడిగీ అడిగీ ఆయనకు ఒక చూపు అబ్బింది. ఆ చూపు మనిషి మీద ఆగదు. మనిషి చేతిలో ఏముందో దాని మీద వాలుతుంది.

కాపురం నాంపల్లి స్టేషను వెనక, వామన్‌రావు గారింట్లో, వెనక వాటాలో. వామన్‌రావు పాత హైదరాబాదీ. సన్నగా, పొడుగ్గా, ముందు వరండాలో పడక్కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ ఉండే మనిషి. ఆకాశంలో అంతలా చూడ్డానికి ఏముందో మల్లేశ్వరరావు ఏనాడూ అడగలేదు. ఇంటాయన్ని ఊరికే పలకరిస్తే అద్దె పెంచుతాడని ఆయన సిద్ధాంతం.

అరవై అయిదు యుద్ధం అయ్యాక ఊరంతా విమానాల పిచ్చి పట్టింది. మల్లేశ్వరరావుకు రెక్కల బిళ్ళల పిచ్చి పట్టింది. రెక్కల బిళ్ళంటే పైలట్లు ఎడమ జేబు పైన పెట్టుకునేది. నడుమ అక్షరాలు, నెత్తిన కిరీటం, అటో రెక్క, ఇటో రెక్క. రెండో ప్రపంచ యుద్ధం నాటి బిళ్ళలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఆదివారం దొరికేవి. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లయింది కదా, ఇంకా ఎలా దొరుకుతున్నాయి అంటారా? ఆ యుద్ధంలో ఎగిరిన పైలట్ల కంటే అబిడ్స్‌లో అమ్ముడుపోయిన బిళ్ళలే ఎక్కువ. అలా దొరుకుతున్నాయి!

అమ్మేవాడు సాయన్న. పాత తాళాలు, ఆగిపోయిన గడియారాలు, కాలిపోయాయో లేదో తెలియని బల్బులు, వాటి మధ్య ఒక ఎర్రగుడ్డ మీద రెక్కలు.

మొదటి ఆదివారం మల్లేశ్వరరావు భూతద్దం తీశాడు. చుట్టూ నలుగురు మూగారు. ఫుట్‌పాత్ మీద భూతద్దం తీసినవాడి చుట్టూ నలుగురూ మూగకపోతే అది అబిడ్సే కాదు.

"ఇది నిన్న పుట్టింది సాయన్నా."

"ఏంది సార్ గట్లంటరు. పైలట్ పెట్టుకున్నదే."

"యుద్ధం నాటిదైతే ఇంత తళతళలాడుతుందా? పాతది మసకబారాలి. సందుల్లో నలుపు చేరాలి."

సాయన్న వాదించలేదు. బుద్ధిగా తలూపాడు. తర్వాతి ఆదివారం ఎర్రగుడ్డ మీద బిళ్ళలన్నీ సంతాపసభకు వచ్చినట్టు మసకబారి ఉన్నాయి. దగ్గరగా వాసన చూస్తే మాత్రం ఇరానీ హోటల్ చాయ్!

మల్లేశ్వరరావు ఈసారి కిరీటం పట్టుకున్నాడు. "ఇది రాణిగారి కిరీటం. నడినెత్తిన నొక్కుకుపోయింది చూడు. యుద్ధకాలంలో ఉన్నది రాజుగారు. ఆయన కిరీటం బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటుంది."

"బిస్కెట్ల డబ్బా మీద గిట్లనే ఉండె గద సార్..." అనబోయి సాయన్న నాలిక్కరుచుకున్నాడు.

ఆ పై వారానికి రాణిగారు దిగిపోయి రాజుగారు గద్దెనెక్కారు. ఇంగ్లండులో కూడా పట్టాభిషేకాలు ఇంత చురుగ్గా జరగవు.

"పారాచూట్ పట్టీ ఎప్పుడూ ఎడమ రెక్కను నొక్కుతుంది. అసలుదైతే కొంచెం వంగాలి" అన్నాడు మల్లేశ్వరరావు. వంగింది. "ఇంజను దగ్గర తిరిగినదానికి ఆ వాసన పోదు" అన్నాడు. వాసనొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది అఫ్జల్‌గంజ్ బస్సు వాసన. విమానం డీజిలుతో ఎగరదోయ్" అని మందలించాడు. ఆ మరుసటి వారం శుద్ధమైన పెట్రోలు కంపు!

గమనించారా పాఠకులారా? ప్రభుత్వం పంచవర్ష ప్రణాళికలు వేసి పరిశ్రమలను బాగుచేయలేక తల పట్టుకుంటోంది. మల్లేశ్వరరావు ఒక భూతద్దంతో, ఆదివారపు సెలవుల్లో, ఒక పరిశ్రమను అట్టడుగు నుంచి ఆకాశానికి లేపాడు. ఏ లోపం ఎక్కడుందో చెప్పి, దిద్దించి, పాసయ్యాక కొనేవాడు. అలా ఆయన రేకుపెట్టె నిండింది. 'అన్ని పరీక్షలకూ నిలిచింది' అని ఒక్కో బిళ్ళను చూసి మురిసిపోయేవాడు. నిలవక ఏం చేస్తుంది? పరీక్ష పేపరు ముందే చేతికిచ్చాక ఏ మొద్దబ్బాయి తప్పుతాడు?

ఇంతలో చిక్కొచ్చి పడింది.

అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో పాత వస్తువులు పోగేసేవాళ్లు చేరేవారు. దానికి సంఘమని పేరు. చాదర్‌ఘాట్‌లో ఉండే గోపాలరావు అందులో స్టాంపుల దిగ్గజం. దసరా నాడు నాంపల్లిలో ఒక హాలు తీసుకుని ఎగ్జిబిషన్ పెడదామనీ, ఆ రోజే అధ్యక్షుణ్ణి ఎన్నుకుందామనీ అనుకున్నారు. మల్లేశ్వరరావు అప్పటికే కుర్చీలో కూర్చున్నట్టు కాలు మీద కాలేశాడు.

"తొందరపడకు మల్లేశ్వరం" అన్నాడు గోపాలరావు, చాయ్ సాసర్లో పోసుకుంటూ. "నీ పెట్టెలో ఒక్కటంటే ఒక్కటి అసలుదుందని పదిమందిలో రుజువు చెయ్యి. కుర్చీ నీదే. లేకపోతే ఆ భూతద్దం నాకిచ్చెయ్. స్టాంపులకు పనికొస్తుంది."

"రుజువు చేస్తాను. తేల్చేదెవరు?"

"యుద్ధంలో ఎగిరిన పైలట్‌నే జడ్జీగా తెస్తున్నా. బేగంపేటంతా గాలించి పట్టుకున్నాను. పేరు అప్పుడే చెప్పను. చెబితే ముందే వెళ్లి కాఫీ పోస్తావు."

ఇప్పుడు తెలిసింది కదా ఏది పణంగా ఉందో? కుర్చీ కాదు. కుర్చీలు ఆఫీసులో కావలసినన్ని ఉన్నాయి. ఆ భూతద్దం! అది చేతిలో లేని మల్లేశ్వరరావు అబిడ్స్‌లో నడిచిపోతుంటే ఒక్కడైనా తిరిగి చూస్తాడా?

ఆయన పేరు మార్మోగిపోయి, చివరకు ముందు వరండా దాకా కూడా వెళ్లింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే వామన్‌రావు పడక్కుర్చీలోంచి లేచాడు.

"మల్లేశ్వర్‌రావ్ సాబ్, అందరివీ చూస్తరంట గద. జర నాదొకటి చూడున్రి."

అరచేతిలో రెక్కల బిళ్ళ. కొత్త పెళ్లికూతురి పట్టీలా మెరుస్తోంది. రెక్కలు రెండూ తిన్నగా ఉన్నాయి. అక్షరాల సందుల్లో నలుపు లేదు సరికదా, పసుపుంది! వెనకాల మామూలు పిన్నీసు అతికించి ఉంది. మల్లేశ్వరరావు భూతద్దం తీయబోయి, దీనికి అదెందుకని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మిమ్మల్ని ఎవరో బాగా మోసం చేశారండీ. ఎక్కడ కొన్నారు?"

"కొనలె. ఉండె నా తాన."

"ఎవరో అంటగట్టి ఉంటారు. ఇది నకిలీ. అసలుదానికి పసుపెందుకుంటుందండీ, పైలట్ పేరంటానికి వెళ్లాడా?"

వామన్‌రావు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. "గట్లనా" అన్నాడు. "అయితే మీ తాననే ఉంచున్రి. నకిలీదెట్లుంటదో నలుగురికి చూపెట్టనీకి అక్కరకొస్తది. నవమి నాటికి ఇయ్యిన్రి."

నవమి ఎందుకని మల్లేశ్వరరావు అడగలేదు. ఆయన అడిగేవి రెండే: ఎక్కడ కొన్నారు, రుజువేది. బిళ్ళను తెచ్చి పెట్టెలో మిగిలినవాటికి అంటకుండా ఒక మూల పడేశాడు.

నవమి వచ్చింది. ఆయుధ పూజ. ఆయన భార్య సుబ్బరత్నం ఆ విషయంలో పరమ నిష్ఠాపరురాలు. ఇంట్లో లోహమన్నది ఏదైనా సరే, తోమి బొట్టు పెట్టవలసిందే. కత్తిపీట, కుట్టుమిషను, సైకిలు, గొళ్లెం, మల్లేశ్వరరావు ఆఫీసు పెన్నుకున్న క్లిప్పు, ఏదీ ఆమె చేతిలోంచి తప్పించుకోలేదు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి దేవుడి ముందు పీట మీద రెక్కల బిళ్ళలన్నీ వరసగా ఉన్నాయి. కుంకుమ బొట్లతో!

"ఏమండీ, చూశారా? చింతపండూ ఇటుకపొడీ వేసి చేతులు పడిపోయేలా తోమాను. ఎంత మురికండీ బాబూ. ఇన్నాళ్లూ ఈ మసిబిళ్ళలు ఇంట్లో పెట్టుకునే మీకు ప్రమోషన్ రాలేదు."

మల్లేశ్వరరావు పీట ముందు కూలబడ్డాడు.

చాయ్ మరక పోయింది. పొయ్యి పొగ పోయింది. వాటితో పాటు వెండి పూత కూడా పోయింది. పెట్టెడు యుద్ధవీరులు ఇత్తడి చెంబుల్లా పచ్చగా నవ్వుతున్నారు! వాటి మధ్య ఒక్కటే, వెనక పిన్నీసున్న ఒక్క బిళ్ళే, ముందెంత తెల్లగా ఉందో ఇప్పుడూ అంతే తెల్లగా ఉంది. ఎంత తోమినా వెండి వెండే.

ఏ భూతద్దమూ చేయలేని పరీక్షను చింతపండు చేసిపెట్టింది.

ఇక్కడ మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? ముందు వాటాకు వెళ్లి, "పొరపాటైందండీ" అంటాం. అందుకే మనం నిపుణులం కాలేదు. మల్లేశ్వరరావు లెక్క వేరు. తెల్లారితే ఎగ్జిబిషన్. చేతిలో ఉన్న అసలుది ఒక్కటే. వామన్‌రావు వరండా దాటి సభలకు వచ్చే మనిషి కాదు. కాకపోతే ఒకే ఒక్క లోపం: ఇది అసలుదిలా లేదు. తను పెట్టిన పరీక్షల్లో ఒక్కటీ పాసవదు. గోపాలరావు ఆ పరీక్షలన్నీ కంఠతా పట్టి కూర్చున్నాడు.

అసలుదాన్ని అసలుదిగా మార్చాలి. తప్పదు!

సుబ్బరత్నం పేరంటానికి వెళ్లగానే ఆయన టీ డికాషన్ కాచి అందులో బిళ్ళను నానేశాడు. పొయ్యి మీద పొగ పట్టించాడు. తలుపు సందులో ఎడమ రెక్కను పెట్టి, రెప్పలు గట్టిగా మూసుకుని తలుపు నొక్కాడు. స్కూటరున్న పక్కింటివాళ్లను బతిమాలి రెండు చుక్కలు పెట్రోలు రాశాడు. సాయంత్రానికి బిళ్ళ సాయన్న ఎర్రగుడ్డ మీదినుంచి లేచి వచ్చినట్టు తయారైంది. అప్పుడు ఆయనకు దాని మీద నమ్మకం కలిగింది.

మర్నాడు హాలు నిండింది. సాయన్న కూడా వచ్చి వెనక గోడకానుకుని నిలబడ్డాడు. తన సరుకు పరీక్షకు వెళుతోంది మరి. మధ్య బల్ల మీద నల్ల వెల్వెట్టు, దాని మీద ఒకే ఒక బిళ్ళ. మల్లేశ్వరరావు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోపాలరావు మైకు పట్టుకుని జడ్జీని పిలిచాడు.

సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి వేదిక ఎక్కాడు. ఇస్త్రీ షేర్వానీ వేసుకునేసరికి మల్లేశ్వరరావు వెంటనే పోల్చుకోలేదు. పోల్చుకున్నాక కాళ్ల కింద నాంపల్లి స్టేషన్లోకి వచ్చే రైళ్లన్నీ ఒక్కసారే కదిలినట్టనిపించింది.

వామన్‌రావు బల్ల దగ్గరకొచ్చాడు. నల్లబడ్డ బిళ్ళను చూశాడు. వెనక్కి తిప్పి పిన్నీసును చూశాడు. వంగిన రెక్క మీద బొటనవేలు మెల్లగా పోనిచ్చాడు.

"చెప్పండి సార్" అన్నాడు గోపాలరావు. "అసలా, నకిలీయా?"

"నేను విమానాలు నడిపిన. బిళ్ళల సంగతి నాకేమెర్క" అన్నాడు వామన్‌రావు. "దీన్ని ఇంతకుముందే ఒక పెద్ద ఎక్స్‌పర్ట్‌కు చూపెట్టిన్రు. ఆయన నకిలీ అన్నడు. గాయన మాటనే నా మాట."

"ఎవరండీ ఆ ఎక్స్‌పర్ట్?"

"గీడనే ఉన్నరు. ఆయన్నే చెప్పనియ్యిన్రి."

మల్లేశ్వరరావు లెక్క వేసుకున్నాడు. అసలుదంటే తన చూపు అబద్ధం. నకిలీదంటే తన పెట్టె ఖాళీ. భూతద్దం ఎటు తిరిగినా చేజారేలా ఉంది. ఆ క్షణంలో మామూలు మనిషైతే నిజం చెప్పి చెడిపోయేవాడు.

"నేనే ఆ ఎక్స్‌పర్ట్‌ని" అన్నాడు తల పైకెత్తి. "అది నకిలీ."

"మరి అసలుదని బల్లమీద పెట్టావేం?" అన్నాడు గోపాలరావు.

"మీలో ఎవరైనా పడతారేమో చూద్దామని. నలుపుంది, వంపుంది, పెట్రోలు వాసనుంది, రాజుగారి కిరీటముంది. ఇన్ని ఉన్నా నకిలీయే. అది చెప్పగలిగింది నేనొక్కణ్ణే. జడ్జీగారు కూడా నా మాటే ప్రమాణమన్నారు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది! గోపాలరావు మైకు కింద పెట్టేశాడు. మల్లేశ్వరరావు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. వామన్‌రావుకు ఒక బంతిపూల దండ వేసి, "ఇంతటి నిపుణుడు మీ ఇంట్లో అద్దెకుండటం మీ అదృష్టం" అని సత్కరించారు. ఆయన "ఔ" అని బిళ్ళను షేర్వానీ జేబులో వేసుకున్నాడు.

కానీ విజయం అరగలేదు. ఆ సాయంత్రం మల్లేశ్వరరావు ముందు వరండా చివర నిలబడ్డాడు. ఇన్నేళ్లలో అద్దె ఇచ్చే రోజు కాకుండా అక్కడ నిలబడటం అదే మొదటిసారి. వామన్‌రావు పడక్కుర్చీలో కూర్చుని బిళ్ళను ఒళ్లో పెట్టుకుని, వంగిన రెక్కను బొటనవేళ్లతో సరిచేస్తున్నాడు. పక్కన గిన్నెలో చింతపండు.

"వామన్‌రావు గారూ, నిజం చెప్పండి. అది అసలుదే కదూ?"

"కూసోన్రి సాబ్." రెక్క మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "మాకిచ్చింది గుడ్డది, కుట్టుపనిది. చొక్కాకు కుట్టేస్తుండె. చాకలాయన బండకేసి కొడ్తే రెక్కలు ఊడుతుండె. గందుకని మేమంత కలిసి చార్‌కమాన్‌ల వీరాచారి తోని వెండివి చేపిచ్చుకున్నం. ఉతికేటప్పుడు తీసి పెట్టుకోవచ్చు గద. గాయన కొడుకే ఇప్పుడు మీ సాయన్నకు చేసిస్తుండు. మంచి చెయ్యి."

మల్లేశ్వరరావు కూర్చోలేదు. ఆయన ముఖంలో ఏదో వెలుగు మొదలైంది.

"నాతోని కలిసి చేపిచ్చుకున్నోళ్లల్ల శానామంది బర్మా మీదికి పోయి మల్ల రాలె" అన్నాడు వామన్‌రావు. "గందుకని నవమి నాడు దీన్ని దేవుని ముంగట పెడ్త. పసుపు పెడ్త. వాళ్ల పేర్లు చదువుత."

"అంటే," అన్నాడు మల్లేశ్వరరావు, "ఇది ప్రభుత్వం ఇచ్చింది కాదు."

"కాదు."

"బజార్లో చేయించింది."

"ఔ."

"అయితే నేను చెప్పింది నిజమేనండీ. ఇది నకిలీయే!"

గుండెల మీది బరువు దిగిపోయిన మనిషిలా ఆయన వెనక వాటాకు నడిచాడు. ఆ రాత్రి రెండు గరిటెలు ఎక్కువ తిన్నాడని సుబ్బరత్నం సాక్ష్యం. వామన్‌రావు రెక్కను సరిచేస్తూనే ఉన్నాడు.

ఆ ఆదివారం అధ్యక్షుల వారు అబిడ్స్‌లో కొత్త ఉపన్యాసమిచ్చారు. నిజంగా ఎగిరినవాళ్లు వెండివి చేయించుకునేవారనీ, మసక ఉండకూడదనీ, సందుల్లో పసుపు తప్పనిసరనీ, వెనక పిన్నీసు చూడాలనీ. సాయన్న బుద్ధిగా తలూపాడు. పై ఆదివారం ఎర్రగుడ్డ నిండా తళతళలాడే రెక్కలు. అక్షరాల సందుల్లో పచ్చటి పసుపు.

"గివి పైలట్ల పూజగదిలకెళ్లి వచ్చినయ్ సార్" అన్నాడు సాయన్న.

మల్లేశ్వరరావు భూతద్దం తీశాడు. చుట్టూ నలుగురు మూగారు.

కనుక పాఠకులారా, నకిలీని నిండు మనసుతో దీవించండి. దాని వల్ల సాయన్నకు బేరం, వీరాచారి కొడుక్కి పని, మల్లేశ్వరరావుకు కుర్చీ, సుబ్బరత్నానికి ప్రశాంతమైన ఆదివారం. ఇంత చక్కగా నడుస్తున్న వ్యవహారంలో ఎవరికీ పనికిరాకుండా పోయింది అసలైనవాడొక్కడే. ఆయన నాంపల్లి స్టేషను వెనక, ముందు వరండాలో, పడక్కుర్చీలో కూర్చుని ఆకాశం చూస్తూ ఉంటాడు. ఆయన్ని చూడాలంటే భూతద్దం అక్కర్లేదు.

అందుకే ఎవరికీ కనబడడు.